పైపైన ఎండిన వడియాలు

గుమ్మడి వడియం ఎండిందో లేదో పైన తడిమి చూస్తే తెలీదు. ఒకటి తీసి విరిచి చూడాలి. టక్కున విరిగితే ఎండినట్టు. వంగిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఈ మాత్రం మీకు తెలీదని కాదు. నాకూ తెలుసు. కాపరానికొచ్చిన మొదటి వేసవిలోనే మా అత్తయ్యగారు పక్కన కూచోబెట్టుకుని నేర్పారు. అయినా సరే, 2022 మే నెలలో తెలిసి తెలిసీ తప్పు చేశాను. ఎందుకలా చేశానా అని ఆలోచిస్తే, నేను చేసిన తప్పూ, మా అమ్మాయి కంప్యూటర్ ఉద్యోగంలో జరిగిన తప్పూ రెండూ ఒకటేనని తేలింది. ఆ సంగతే మీతో చెప్పుకుందామని కలం పట్టాను.

మాది రావులపాలెం దగ్గర ఒక పల్లెటూరు. ఇంటర్మీడియట్ అవగానే నాకు పెళ్లి చేసేశారు. మావారికి నాలుగెకరాల వరిచేను, గట్ల మీద కొబ్బరిచెట్లు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక చేతులు ఖాళీగా ఉంచుకోవడమెందుకని ఊళ్లో తొమ్మిదిమందిమి కలిసి డ్వాక్రా సంఘం తరఫున వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు చేసి అమ్ముతున్నాం. లెక్కలూ, ఆర్డర్ల పుస్తకమూ నా దగ్గరే ఉంటాయి. అంటే మాలో నేనే లీడర్నన్నమాట.

మా అమ్మాయి ఇంజనీరింగ్ అయ్యాక 2021లో హైదరాబాద్ కంపెనీలో చేరింది. చేరడమంటే ఏముంది, కరోనా రోజులు కదా! ఆఫీసు మొహం చూడకుండానే ఉద్యోగం వచ్చేసింది. ల్యాప్‌టాప్ కొరియర్‌లో ఇంటికొచ్చింది. మా ముందుగదిలో కిటికీ పక్కనున్న నా కుట్టుమిషను బల్లే దాని ఆఫీసు. నా జాకెట్టు ముక్కలు ఒక మూలకి, దాని వైర్లు ఇంకో మూలకి చేరాయి.

పొద్దున్న తొమ్మిదిన్నరకి మీటింగు. దాన్ని స్టాండప్ అంటార్ట. నిలబడి మాట్లాడితే ఎక్కువసేపు మాట్లాడరని ఆ పేరు. పదిహేను నిమిషాలు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఏవైనా అడ్డం వచ్చిందా, ఇంతే. వాళ్ల గుంపులోనూ తొమ్మిదిమందే. నేను వంటింట్లో కూర తరుక్కుంటూ రోజూ వినేదాన్ని. ఒక్కొక్కళ్లూ చివర్న 'నో బ్లాకర్స్' అనేవాళ్లు. అంటే ఏవిటే అనడిగితే, 'పనికి ఏ అడ్డమూ లేదు అని చెప్పడమమ్మా' అంది. మరి ఏ అడ్డమూ లేకపోతే ఈ పిల్ల రాత్రి ఒంటిగంటదాకా ఎందుకు కూచుంటోంది? అన్నం కంచంలో చల్లారిపోతోంది. దువ్వెన నిండా జుట్టు. ఏమైనా అంటే, 'స్ప్రింట్ అయ్యాక, అమ్మా' అనేది. స్ప్రింట్ అంటే పరుగుపందెంట. రెండు వారాలకొక పందెం. ఒకటి అయిన మర్నాడే ఇంకొకటి మొదలు. ఇలా ఏడాది పొడుగునా పరిగెడితే గుర్రమైనా కూలబడదూ?

ఇక ఆ మే నెల సంగతి చెప్తాను.

ఏప్రిల్ చివర్లో మా సంఘానికి పెద్ద ఆర్డరు వచ్చింది. పక్క ఊరి ఆసామీ ఇంట్లో పెళ్లి. పిల్లని అమెరికా పంపిస్తున్నారు. ముప్ఫై కిలోల గుమ్మడి వడియాలు, ఇరవై కిలోల మినప వడియాలు, రెండువేల అప్పడాలు. పెళ్లి వంటల్లోకి కొన్ని, చుట్టాలకి పంచడానికి కొన్ని, పెళ్లికూతురు పట్టుకెళ్లడానికి కొన్ని. ఆ నెలాఖర్లో ముహూర్తం. మే 16వ తారీఖు సోమవారానికి సరుకు ఇంట్లో ఉండాలన్నారు. ఉంటుందన్నాను. మనవాళ్లనొక్కళ్లనీ అడగలేదు. వేసవిలో ఎండలకి కరువా అనుకున్నాను. పుస్తకంలో 16 చుట్టూ ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టాను.

మొదటి వాయి బాగానే ఎండింది. రెండో వాయికి కాయలు కోసి, ముక్కలకి ఉప్పు పసుపు పట్టించి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా రోకలిబండ కింద పెట్టి, మర్నాడు పిండి కలిపి డాబా మీద పెట్టాం. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో తుపాను అన్నారు. అసాని అని పేరు పెట్టారు. మే 11న మచిలీపట్నం, నరసాపురం దగ్గర తీరాన్ని తాకింది. అప్పటికి బలం తగ్గింది గానీ, మాకు మబ్బు, జల్లు, ఈదురుగాలి. కరెంటు ఇలా వచ్చి అలా పోయేది. చాపలతో సహా వడియాలు వసారాలోకి చేర్చి, ఫ్యాను కింద పెట్టాలంటే కరెంటేదీ?

కరెంటు లేకపోతే మా అమ్మాయికీ పని లేనట్టే. కానీ వాళ్ల తారీఖు 13. ఆ శుక్రవారం రాత్రికి ఏదో దుకాణం వాళ్లకి డబ్బు కట్టించుకునే ఏర్పాటు ఒకటి కొత్తగా మార్చి ఇవ్వాలిట. గురువారం సాయంత్రం ఫోన్లో వాళ్ల లీడ్‌తో మాట్లాడుతోంది. ఒక భాగం ఇంకా పూర్తిగా పరీక్షించలేదనీ, రెండు రోజులుగా ఇక్కడ కరెంటు లేదనీ, ఆ ఒక్క భాగం తర్వాతి విడతలో ఇద్దామనీ చెప్తోంది. అవతలాయన అన్న మాట స్పీకర్లోంచి నాకూ వినపడింది. 'డేట్ చెప్పేశాం కదా. డేట్ అంటే డేటే.' అంతే. ఇది కిమ్మనకుండా ఫోన్ పెట్టేసి, కొవ్వొత్తి వెలుగులో గోడకేసి చూస్తూ కూచుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. 'వాడికి తల్లీ తండ్రీ లేరా? తుపానంటే తెలీదా? మనుషులా, మరలా?' అని తిట్టిపోశాను. మావారు నవ్వుతూ, 'కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు చూడు, ఇదీ అలాంటిదే' అన్నారు.

శుక్రవారం రాత్రి ఆ పని ఇచ్చేశారు. బోర్డు మీద 'డన్' అనే గడిలో చీటీ పెట్టించార్ట, అదీ మా అమ్మాయి చేత్తోనే.

శనివారం ఎండ కాసింది. వడియాలు డాబా ఎక్కించాం. సాయంత్రం దింపుతుంటే మా గుంపులో చిన్నదైన ఒకమ్మాయి, వడియం పట్టుకుంటే చాలు దాని గుట్టు చెప్పేస్తుంది, నా దగ్గరకొచ్చి, 'ఇయ్యింకా రెండెండలు చూడాలండి వదినా. పైన కట్టెలా ఉన్నాయి గానీ లోన తడుందండి' అంది.

నేనేమన్నానో తెలుసా? 'తారీఖు చెప్పేశాం. తారీఖంటే తారీఖే. ఆదివారం ఎండలో పెట్టి రాత్రికి కవర్లు కట్టెయ్యండి' అన్నాను.

రెండు రోజుల క్రితం ఒకాయన్ని నోటికొచ్చినట్టు తిట్టిన నోటితోనే! అప్పుడు నాకు ఆ సంగతి తట్టనేలేదు. నా కళ్లకి ఎర్రసిరా గుండ్రం తప్ప ఇంకేం కనపడలేదు. విరిచి చూడ్డానికి కూడా నాకు ధైర్యం లేదు. చూస్తే తెలిసిపోతుంది కదా! ఆ పిల్ల మారుమాట్లాడలేదు. ఆదివారం రాత్రి కవర్లకి సీలు వేసింది తనే.

అదే ఆదివారం రాత్రి పదకొండింటికి మా అమ్మాయి ఫోను మోగింది. పరీక్షించని ఆ భాగమే తిరగబడింది. కొన్నవాళ్లకి కొందరికి డబ్బు రెండుసార్లు కట్ అయిపోయిందిట. ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ కంటిమీద కునుకు లేకుండా తొమ్మిదిమందీ కూచుని సరిచేశారు. ముందే అడిగిన ఆ నాలుగు రోజులూ ఇచ్చి ఉంటే ఈ రెండు రాత్రులూ, జనం తిట్లూ తప్పేవి.

నా సరుకు సోమవారం ఠంచనుగా పెళ్లివారింటికి చేరింది. మెచ్చుకున్నారు కూడా. వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. గుమ్మడి వడియాల కవర్లు విప్పితే బూజు. ఇంటినిండా చుట్టాలు. 'మీ మీద నమ్మకంతో ఇంకెవరికీ చెప్పలేదండీ' అంది ఆ ఇల్లాలు. తిట్టినా బాగుండేది. ఆవిడ గొంతులో తిట్టు లేదు. నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు. బూజు పట్టినవన్నీ వెనక్కి తెచ్చాం. 8 వేల పైచిలుకు తిరిగిచ్చేశాం. తొమ్మిదిమంది ఆడవాళ్ల చెమట, ఎరువుగుంటలో పోశాం.

డబ్బు పోతే పోయింది. ఆ చిన్నది పనిలోకి రావడం మానేసింది. అదీ నన్ను తినేసింది.

అప్పటినుంచి మా ఇంట్లో రాత్రిపూట అన్నాలయ్యాక తల్లీకూతుళ్లం ఇదే మాట్లాడుకునేవాళ్లం. 'అసలు ఈ పద్ధతి ఎవడు కనిపెట్టాడే?' అన్నాన్నేను. దానికి మా అమ్మాయి చెప్పింది వింటే ఆశ్చర్యం వేసింది. ఈ పద్ధతి పేరు ఎజైల్. పూర్వం ఏడాదికో రెండేళ్లకో సరిపడా పనంతా ముందే కాగితం మీద గీసేసి, అంతా కట్టేశాక కొనేవాడికి చూపించేవార్ట. వాడేమో నేనడిగింది ఇది కాదు అనేవాడు. అందుకని 2001లో అమెరికాలో యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే చోట పదిహేడుమంది కూచుని ఆలోచించార్ట. కొంచెం కొంచెంగా చేద్దాం, చేసింది చూపిద్దాం, చెప్పింది విందాం, మార్చుకుంటూ పోదాం అని. మనుషులు అలిసిపోకుండా ఎన్నాళ్లయినా సాగించగలిగే నడకలోనే పని జరగాలని కూడా రాసుకున్నార్ట.

'మరి ఇది మన వంటలాంటిదే కదే! వందమందికి పులిహోర కలిపేటప్పుడు ముందు ఓ పిడికెడు కలిపి రుచి చూసుకోమా?' అన్నాను.

'అదేనమ్మా. రెండు వారాలన్నది రుచి చూసుకోడానికి పెట్టిన గడువు. దాన్ని తీసుకెళ్లి మెడమీద కత్తిలాగ పెట్టారు' అంది.

ఇంకోటి కూడా చెప్పింది. ఈ స్ప్రింట్ల పద్ధతికి ఒక చిన్న పుస్తకం ఉందిట. రెండు వారాల్లో ఇన్ని పనులు చేస్తాం అని చెప్పడాన్ని మొదట్లో 'కమిట్‌మెంట్' అన్నారు. 2011లో ఆ మాట తీసేసి 'ఫోర్‌కాస్ట్' అని మార్చార్ట. అంటే ఒట్టు పెట్టడం కాదు, వాతావరణ శాఖవాళ్లు చెప్పినట్టు అంచనా చెప్పడం. ఆ తర్వాత 2020లో ఇంకోసారి దిద్ది, సాధించాల్సిన లక్ష్యానికి మాత్రం మాట ఇవ్వాలన్నార్ట. తుపాను ఇటొస్తుందన్నది అటు తిరిగితే వాతావరణ శాఖ మర్నాడు మళ్లీ చెప్తుంది కదా! మొన్న చెప్పాం కాబట్టి ఇటే రావాలని పట్టుబట్టదు. పుస్తకంలో ఇంత చక్కగా ఉన్నా, పైనెక్కడో ఒకరు కొనేవాడికి తారీఖు చెప్పేస్తారు. చేసేవాళ్లని అడగరు. ఆ తారీఖు మెట్టు మెట్టూ దిగి చివరికి మా కుట్టుమిషను బల్ల మీదకొచ్చి పడుతుంది. నేను మా తొమ్మిదిమందినీ అడక్కుండా 16 అని ఒప్పుకోలేదూ? అదే ఇది. ఆ లీడ్ కూడా పాపం మధ్యలో నలిగేవాడేనేమో!

పక్కనుంచి మా అబ్బాయి, 'డెడ్‌లైన్ అన్న మాట ఎక్కణ్ణుంచొచ్చిందో తెలుసా?' అని ఫోన్లో చూసి చదివాడు. అమెరికా అంతర్యుద్ధంలో 1864లో ఆండర్సన్‌విల్ అనే చోట ఖైదీల శిబిరం ఉండేదట. చుట్టూ ఉన్న గోడకి లోపలివైపు ఒక హద్దు. ఖైదీ ఆ హద్దు దాటితే కాపలావాడు కాల్చెయ్యచ్చు. అదీ డెడ్‌లైన్! వడియాలకీ బిల్లులకీ ఈ మాట వాడుకుంటున్నామా అనిపించింది.

ఆ జూన్‌లో ఒక ఆదివారం అందరం ధవళేశ్వరం వెళ్లాం. గాలి మారుతుందని పిల్లని తీసుకెళ్లాం, అంతే. కాటన్ మ్యూజియం చూశాం. మన డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. అయినా ఆనకట్ట ఎలా కట్టారో నేనెప్పుడూ ఆలోచించలేదు. పని 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది. నదిలో లంకలున్నాయి కదా, వాటిని ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. గోదారమ్మ ఏటా వరద తెస్తుంది. వరద తగ్గాకే నదిలోకి దిగాలి, మళ్లీ వరదొచ్చేలోగా కట్టింది నిలబడేలా చేసుకోవాలి. మధ్యలో 1848లో కాటన్‌కి జబ్బు చేసి సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. పని కెప్టెన్ ఓర్ చేతికిచ్చి వెళ్లాడు. 1850లో తిరిగొచ్చి మళ్లీ అందుకున్నాడు. మన వీణెం వీరన్నగారు పక్కనుండి నడిపించారు.

ఒడ్డున నిలబడి మా అమ్మాయి అంది కదా, 'అమ్మా, వీళ్లకీ తారీఖుంది. వరద తారీఖు. కానీ అది నది పెట్టింది. నదితో బేరమాడలేరు కాబట్టి ఈ ఏడు ఎంత కట్టగలమో అంతే కట్టారు. మిగిలింది పైయేడు. జబ్బు చేసినవాడికి సెలవు కూడా దొరికింది.'

నిజమే అనిపించింది. తారీఖుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి నిజంగా కదలనిది. వరద, కాలవ కట్టేసే రోజు, పెళ్లి ముహూర్తం. రెండోది మనం నోటితో అనేసి, తర్వాత దేవుడు రాసినట్టు పట్టుకు వేలాడేది. మా పెళ్లి ఆర్డర్లో కదలనిది ముహూర్తం. 16 కాదు! ముహూర్తానికి ఇంకా వారం పైన టైముంది. రెండెండలు కావాలండీ, 19కి తెస్తాను అని ఒక్క ఫోను చేస్తే ఆవిడ కాదనేదా? ఆ ఒక్క ఫోను చెయ్యడానికి నాకు నామోషీ అడ్డొచ్చింది.

కదలని తారీఖుని కూడా కళ్లు మూసుకుని పట్టుకోకూడదని మన రాజమండ్రి నేర్పిన పాఠం ఒకటుంది. తల్చుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. 2015 గోదావరి పుష్కరాలు. జూలై 14 నుంచి పన్నెండు రోజులు. మొదటిరోజు పొద్దున్నే, ఆ గడియలోనే మునగాలని పుష్కర ఘాట్‌కి జనం పోటెత్తారు. తొక్కిసలాటలో 27 మంది పోయారు. అందులో ఎక్కువమంది మనలాంటి ఆడవాళ్లే. మేమూ ఆ పొద్దున్నే బయల్దేరాలనుకున్నాం. మా అత్తయ్యగారే ఆపారు. 'పన్నెండు రోజులూ పుణ్యమేనే, గోదారెక్కడికి పోతుంది?' అన్నారు. ఆరోరోజు కోటిపల్లిలో తాపీగా మునిగొచ్చాం. 2027లో మళ్లీ పుష్కరాలొస్తున్నాయి. వెళ్లేవాళ్లు ఈ ముసలావిడ మాట గుర్తుంచుకోండి.

ధవళేశ్వరం నుంచి వచ్చిన మర్నాడు ఆ చిన్నదాని ఇంటికి వెళ్లాను. గేదెకి గడ్డేస్తోంది. నన్ను చూసి పీట వేసి, మంచినీళ్లిచ్చింది. తప్పు నాదేనన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'మీరు నా మాట ఇనలేదని కాదండి వదినా. సెప్పాక గూడా ఆ కవర్లు నా చేత్తోనే సీలేయించారు. అదండి బాధ' అంది.

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయి చేత్తో 'డన్' అని చీటీ పెట్టించారని నేనెంత ఏడ్చాను! కదలని తారీఖు చేసే అసలు చెడు ఇదేనండీ. సరుకు పాడవడం తర్వాత సంగతి. ముందు నిజం చెప్పేవాళ్ల నోరు మూతపడుతుంది. ఒకసారి చెప్పి చూస్తారు. రెండోసారి 'నో బ్లాకర్స్' అంటారు. అందరూ ఎండిందనే అంటారు. విరిచి చూసేవాళ్లుండరు.

ఆ మాటే మా అమ్మాయికి చెప్పాను. వాళ్లకి స్ప్రింట్ అయ్యాక, ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని మాట్లాడుకునే మీటింగొకటి ఉంటుంది. అందులో ఇది మా వడియాల కథంతా చెప్పిందిట. 'మనం పైన తడిమి ఎండిందంటున్నాం. విరిచి చూడ్డం లేదు' అందిట. మొదట నవ్వారుట. తర్వాత ఒకళ్లొకళ్లే మనసు విప్పార్ట. ఆ లీడ్ కూడా, 'నాకూ ఆ తారీఖు పైనుంచే వచ్చింది, నేనూ నో అనలేకపోయాను' అన్నాట్ట. అప్పట్నుంచి రెండు నియమాలు పెట్టుకున్నారు. తారీఖు కదలకపోతే పనుల జాబితా కదలాలి. ముఖ్యమైనవి ముందు చేసి, మిగిలినవి ఆగుతాయని మొదటిరోజే కొనేవాడికి చెప్పాలి. రెండోది, పరీక్ష పూర్తికాకుండా 'డన్' గడిలో చీటీ పెట్టకూడదు. వాళ్ల గుంపులో ఇప్పుడు 'వడియం విరిచారా?' అన్నది సామెతయిపోయింది. కష్టాలన్నీ తీరిపోయాయని చెప్పను. పైవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు అడక్కుండా తారీఖులిచ్చేస్తూనే ఉంటారు. కానీ ఇప్పుడు ఆఫీసుకెళ్లి పనిచేస్తున్నా, మా పిల్ల 'ఇది కాదు' అని నోరు తెరిచి చెప్తోంది. రాత్రి పదింటికి పడుకుంటోంది. నాకదే పదివేలు.

మా సంఘంలోనూ పద్ధతి మార్చాం. పుస్తకంలో తారీఖు గడి పక్కన 'ఎండలు' అని ఇంకో గడి గీశాను. ఆర్డరివ్వడానికి వచ్చినవాళ్లకి, 'గుమ్మడి వడియాలకి ఐదు ఎండలు కావాలండీ, మబ్బేస్తే ఆ రోజు లెక్కలోకి రాదు' అని ముందే చెప్తున్నాను. ముహూర్తం దగ్గరుంటే ఎన్ని కిలోలివ్వగలమో అంతే ఒప్పుకుంటున్నాం. ఒప్పుకునేముందు తొమ్మిదిమందినీ అడుగుతున్నాను. ఒకరింట్లో పిల్లాడికి జ్వరం, ఒకరింట్లో చేలో నాట్లు ఉంటాయి. అవీ లెక్కలోకి రావాలి కదా! మబ్బు పట్టిన రోజే ఫోను చేస్తున్నాం. ఇన్నాళ్లలో ఒకళ్లిద్దరు తప్ప ఎవరూ కోప్పడలేదు. పైగా, ఎండకుండా ఇవ్వమన్నారు, మంచి సరుకే దొరుకుతుంది అని పేరొచ్చింది. కవర్లకి సీలు వేసే ముందు ఒక వడియం విరిచి, 'సరే' అనాల్సింది ఆ చిన్నదే. అవును, దసరాకి తిరిగొచ్చింది. తను సరే అనకపోతే నేను చెప్పినా సీలు పడదు.

అలాగని తారీఖే వద్దంటానా? అననండీ. మావారు వెక్కిరించనే వెక్కిరించారు, 'తారీఖు లేకపోతే మీ ఆడవాళ్లు కబుర్లతోనే సంక్రాంతి దాకా వడియాలు పెడతారు' అని. ఆ మాటలోనూ కొంత నిజముంది. మొదటి ఏడాది మాకు గడువన్నదే లేక, రెండు నెలలైనా ఒక ఆర్డరు తెమల్లేదు. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. నిదానమే ప్రధానం అనీ అన్నారు. రెండూ వాళ్లే అన్నారంటే, ఎప్పుడేది వాడాలో మన బుద్ధికి వదిలారన్నమాట. దాళ్వా వరి చూడండి. వేసవిలో కాలవలు కట్టేసే రోజుంటుంది. ఆ లోగా చేను చేతికి రావాలి. అందుకని రైతు ఏం చేస్తాడు? నాట్లు ముందుకి జరుపుకుంటాడు, తక్కువ రోజుల రకం వేస్తాడు, కుదరకపోతే ఒక ఎకరం తగ్గించుకుంటాడు. అంతేగాని పాలు పోసుకునే కంకిని కోసేసి, పంటయిపోయింది అనడు.

మన ఇళ్లలోనూ ఇదే కదండీ! పండగనాడు పన్నెండింటికి నైవేద్యం అయిపోవాలని తొమ్మిది రకాలు నెత్తినేసుకుని, కోడలి మీదో కూతురి మీదో కస్సుబుస్సులాడతాం. పన్నెండన్నది కదలకపోతే తొమ్మిది రకాలు ఐదవ్వచ్చు. తొమ్మిదీ కావాలంటే ఇంకో ఇద్దరి చేతులు సాయం కావాలి, లేదా గంట ఆలస్యమవ్వాలి. గడువూ కదలక, పనీ తగ్గక, మనుషులూ పెరగకపోతే అప్పుడు వంగేది మనిషి నడుమే. నడుమైనా వంగకపోతే నిజం వంగుతుంది. ఉడకని గారె ఉడికిందని వడ్డిస్తాం.

మొన్న ఫిబ్రవరిలో మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. డాబా మీద వడియాలు ఆరేసి ఉన్నాయి. మెట్లెక్కి వెళ్లి చాప అంచున కూచుని ఒకటి తీసి విరిచింది. విరగలేదు, వంగింది.

'ఎన్నాళ్లకివ్వాలమ్మా ఇవి?' అంది.

'ఇంకో రెండెండలకి' అన్నాను.